వలస ఆస్ట్రేలియాలో సంచార శ్రామికులు: చట్టం, బత్తెం, చెరసాల

తెలుగులో 'వలస' అనే మాటకు కదలికా అర్థమే, నిలకడా అర్థమే. కరవుకో దండుకో జడిసి ఊరు విడిచి పోవడం వలస. అలా పోయినవారు ఎక్కడో ఒకచోట గుడిసెలు వేసుకొని నిలిస్తే ఆ చోటి పేరులో కూడా ఆ మాటే మిగులుతుంది. ఉత్తరాంధ్రలోని ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊళ్ళ పేర్లే ఇందుకు సాక్ష్యం. ఆధునిక కాలంలో పరదేశీయుల ఏలుబడిని చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు చరిత్రకారులు మళ్ళీ ఈ మాటనే తీసుకొని 'వలస పాలన' అన్నారు. బతుకుతెరువు కోసం బాటపట్టిన కూలీకీ, పరాయి నేలను తనదిగా చేసుకొన్న దొరకూ భాష ఒకే మాటను ఇచ్చింది. ఇది భాషలోని అస్పష్టతగా కొందరికి తోచవచ్చు. కానీ స్థిరనివాస వలసల చరిత్రను చదివేటప్పుడు ఈ అస్పష్టతే ఒక సత్యాన్ని గుర్తుచేస్తుంది. దొర, కూలీ ఇద్దరూ ఇల్లు విడిచి వచ్చినవారే. తరచుగా ఒకే ఓడలో దిగినవారు. ఒకరిని స్థిరనివాసిగా, మరొకరిని దిమ్మరిగా విడదీసింది నడక కాదు, చట్టం. ఆ విభజన ఎలా జరిగిందో 19వ శతాబ్దపు ఆస్ట్రేలియా వలసలు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష గురించి కొంత చెప్పవలసి ఉంది. ఆంగ్ల చట్టంలోని 'వాగ్రంట్' అనే పదానికి తెలుగులో సరితూగే మాట లేదు. 'దేశదిమ్మరి' (ప్రాచీన రూపం 'ద్రిమ్మరి')లో కొంత నింద ఉన్నా నేరం లేదు. 'పరదేశి'లో జాలి ఉంది. 'కాందిశీకుడు' అంటే ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడని వ్యుత్పత్తి. అందులో ఉన్నది ఆపద. ఇక 'జంగముడు' పూజ్యుడు. స్థావరం కంటె జంగమమే మిన్న అని నమ్మిన శైవ సంప్రదాయం పాల్కురికి సోమనాథుని బసవపురాణం నిండా పరచుకొని ఉంది. వీటిలో ఏ మాటా ఆంగ్ల శాసనం చెప్పిన మనిషిని పట్టి ఇవ్వదు. ఆ శాసనం దృష్టిలో తిరగడం ఒక్కటే నేరం కాదు. కంటికి కనిపించే జీవనాధారం లేకపోవడం, న్యాయాధికారి అడిగినప్పుడు తన గురించి తాను తృప్తికరమైన లెక్క చెప్పుకోలేకపోవడం నేరం. అందువల్ల ఇక్కడ చట్టం నిర్మించిన వర్గాన్ని సూచించడానికి 'దిమ్మరి' అనీ, ఆ చట్టం పట్టుకొన్న మనిషిని సూచించడానికి 'సంచార శ్రామికుడు' అనీ వాడడం జరిగింది. ఈ రెండు మాటలూ చాలాసార్లు ఒకే మనిషికి వర్తిస్తాయి. పట్టుబడిన రోజు ఏదన్నదే తేడా.

1835: ఒకే ఏడాది, రెండు పత్రాలు

1788లో సిడ్నీ తీరాన దిగిన మొదటి నౌకాదళం తెచ్చినది ప్రధానంగా ఖైదీలను. 1868లో చివరి ఖైదీల ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా చేరేనాటికి ఆ ఖండానికి తరలించిన ఖైదీల సంఖ్య సుమారు 1,60,000. ఇటువంటి సమాజంలో బాట మీద కనిపించే ప్రతి పేదవాడూ పారిపోయిన ఖైదీ కావచ్చునన్న అనుమానం పాలకులకు సహజంగా ఉండేది. సెలవు చీటీ పొందిన ఖైదీ సైతం తనకు కేటాయించిన జిల్లా దాటాలంటే మరో అనుమతి పత్రం కావాలి. 1830లో న్యూ సౌత్ వేల్స్ చేసిన బుష్‌రేంజింగ్ చట్టం ఈ అనుమానానికి శాసనబలం ఇచ్చింది. ఖైదీ అని అనుమానం కలిగిన ఎవరినైనా వారంటు లేకుండా నిర్బంధించవచ్చు. తాను స్వతంత్రుణ్ణి అని రుజువు చేసుకోవలసిన భారం పట్టుబడినవాడిదే. స్వేచ్ఛగా వచ్చిన కూలీ సైతం ఈ చట్టం కింద పట్టుబడే వీలుంది. ఆంగ్ల న్యాయ సూత్రాలకు ఇది విరుద్ధమని ఆ వలస సుప్రీంకోర్టు న్యాయమూర్తి బర్టన్ ఆక్షేపించడం గమనార్హం.

ఇంగ్లండులో నెపోలియన్ యుద్ధాల తరువాత పనిలేక వీధినపడిన సైనికులు, కూలీల నేపథ్యంలో 1824లో వచ్చిన దిమ్మరి చట్టమే తరువాతి వలస చట్టాలన్నిటికీ మాతృక. న్యూ సౌత్ వేల్స్ 1835లో తనదైన దిమ్మరి చట్టం చేసుకొంది. అందులో ఇంగ్లండు చట్టంలో ఉండడానికి వీలులేని ఒక నిబంధన చేరింది. ఆదివాసి గాని, ఆదివాసి సంతానం గాని కాని వ్యక్తి ఎవరైనా ఆదివాసులతో కలిసి బస చేస్తూనో తిరుగుతూనో కనిపిస్తే, తనకు చట్టబద్ధమైన స్థిరనివాసం ఉందనీ, తాను అక్కడ ఉండడానికి సరైన కారణం ఉందనీ న్యాయాధికారికి నిరూపించుకోవాలి. లేకపోతే అతడు దిమ్మరి.

అదే 1835లో గవర్నర్ రిచర్డ్ బూర్క్ ఒక ప్రకటన జారీ చేశాడు. పోర్ట్ ఫిలిప్ ప్రాంతంలో (నేటి మెల్‌బోర్న్ పరిసరాలు) జాన్ బాట్‌మన్ అక్కడి ఆదివాసి పెద్దలతో చేసుకొన్న భూ ఒప్పందం చెల్లదనీ, ఆ నేల యావత్తూ బ్రిటిష్ రాజ్యానిదేననీ, ప్రభుత్వ అనుమతి లేకుండా దానిలో ఉన్నవారు అక్రమ ప్రవేశకులనీ ఆ ప్రకటన సారాంశం. ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. వేల ఏళ్ళుగా ఆ నేల మీద ఋతువును బట్టి చోటు మారుతూ జీవించిన జనానికి అక్కడ హక్కు లేదని ఒకటి చెప్పింది. వారితో కలిసి నడిచే తెల్లవాడు నేరస్థుడని మరొకటి చెప్పింది. సంచారం అంటురోగం వంటిదన్న భయం రెండో పత్రంలో దాగి ఉంది. ఆ నేల మీద మరో జీవన విధానం సాధ్యమని ఏ ఖైదీ కూలీ అయినా గ్రహిస్తే, పశుపోషక దొరల కొలువులో అతడు నిలుస్తాడన్న నమ్మకం లేదు.

ఇక అనుమతి లేని ఆక్రమణ మాటకు వస్తే, అది చేస్తున్న తెల్ల పశుపోషకుల సంగతి వేరుగా సాగింది. 1829లో ప్రభుత్వం పందొమ్మిది కౌంటీలను నిర్ణయించి వాటి హద్దు దాటి ఎవరూ స్థిరపడరాదని ఆజ్ఞ ఇచ్చింది. గొర్రెల మందలు ఆ ఆజ్ఞను లెక్కచేయలేదు. హద్దు దాటి నేల ఆక్రమించినవారికి 'స్క్వాటర్లు' అన్న పేరు వచ్చింది. మొదట్లో అది తిట్టే. 1836లో ప్రభుత్వం ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుముతో ఆ ఆక్రమణలను క్రమబద్ధం చేసింది. ఒక తరం గడిచేసరికి స్క్వాటర్ అంటే శాసనమండలిలో కూర్చునే భూస్వామి. చట్టం దాటి నిలిచినవాడు ప్రభువైన చోట, చట్టానికి లోబడి పని వెతుక్కుంటూ నడిచినవాడు దిమ్మరి అయ్యాడు. ఈ రెండు పరిణామాల మధ్య ఉన్న దూరం ఒక్క ఏడాది.

గొర్రెల క్యాలెండరు

ఆస్ట్రేలియా పశుపోషక ఆర్థిక వ్యవస్థకు సంచార శ్రామికుడు లేనిదే పూట గడవదు. 1890ల ఆరంభంలో ఆ ఖండంలో మనుషుల సంఖ్య సుమారు 32 లక్షలు కాగా గొర్రెల సంఖ్య పది కోట్లు దాటింది. ఉన్ని కత్తిరింపు ఏడాదికి ఒకసారి, ఒక్కొక్క 'స్టేషను'లో కొన్ని వారాలు మాత్రమే సాగే పని. (వేల ఎకరాల గొర్రెల పెంపక క్షేత్రాన్ని అక్కడ స్టేషను అంటారు, రైలుతో దానికి సంబంధం లేదు.) ఆ కొన్ని వారాలూ పదుల సంఖ్యలో కత్తిరింపు పనివారు, వారి వెనక బొచ్చు ఏరేవారు, మూటలు తొక్కేవారు, వంటవారు కావాలి. కత్తిరింపు కాలం ఒక ప్రాంతంలో ముగిసి మరో ప్రాంతంలో మొదలవుతుంది. పనివారు క్వీన్స్‌లాండ్ నుండి న్యూ సౌత్ వేల్స్‌కు, అక్కడి నుండి విక్టోరియాకు ఋతువు వెంట నడిచేవారు. డబ్బున్నవాడు గుర్రం మీద, లేనివాడు కాలినడకన. వారితో పాటు కంచెలు వేసేవారు, బావులు తవ్వేవారు, కుందేళ్ళు పట్టేవారు, పంట కోతల కూలీలు ఉండేవారు. పని అయిపోగానే వారిని నిలుపుకోవలసిన బాధ్యత ఏ దొరకూ లేదు. నిలుపుకోవాలన్న కోరికా లేదు.

ఈ నడిచే మనిషికి 'స్వాగ్‌మన్' అని పేరు. స్వాగ్ అంటే దుప్పటిలో చుట్టి భుజానికి వేసుకొన్న మూట. తెలంగాణ గొర్రెల కాపరికి గొంగడి పరుపు, గొడుగు, సంచి అన్నీ తానే అయినట్లు స్వాగ్‌మన్‌కు ఆ దుప్పటే ఇల్లు. చేతిలో నీరు కాచుకొనే రేకు డబ్బా 'బిల్లీ'. స్టేషను చేరినప్పుడు అడిగేది కొంత పిండి, టీ ఆకు. కొలువులో ఉన్న పనివాడి వారం బత్తెం ఆ దేశంలో సామెతలా వాడుకలో ఉండేది: పది పౌన్ల పిండి, పది పౌన్ల మాంసం, రెండు పౌన్ల చక్కెర, పావు పౌను టీ. బాటసారికి దక్కేది ఇందులో పిడికెడు. అది దయ అని చెప్పుకొన్నా, లెక్క వేరు. పిండి ఇవ్వని దొర స్టేషనుకు మరుసటి ఏడాది కత్తిరింపు వేళ మనుషులు దొరకడం కష్టం. ఎండుగడ్డి నేలలో కోపంతో ఉన్న మనిషి జేబులో అగ్గిపెట్టె ఉంటుందన్న జంకు సరేసరి. పొద్దు కుంకే వేళకు, అంటే పని అడగడానికి వీలులేని సమయానికి సరిగ్గా వచ్చి బత్తెం అడిగేవాడిని 'సన్‌డౌనర్' అని ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళిలో దొర పక్షం మాత్రమే వినిపిస్తుంది. రోజంతా పాతిక ముప్పై కిలోమీటర్లు నడిచిన మనిషి గమ్యం చేరేది పొద్దుగూకేటప్పుడే కదా.

ఈ సంచారానికి రెండు వైపులా రెండు చట్టాల గోడలు ఉండేవి. న్యూ సౌత్ వేల్స్ 1828లో చేసిన యజమాని-సేవక చట్టం ప్రకారం ఒప్పుకొన్న పనిని గడువు ముగియకముందే విడిచిపోయిన కూలీకి జైలు, కూలి డబ్బు నష్టం. యజమాని కూలీకి అన్యాయం చేస్తే మాత్రం అది డబ్బుతో తీరే వ్యవహారం. పని వదిలితే ఈ చట్టం. పని లేకపోతే దిమ్మరి చట్టం. తన ఇష్టంతో కదిలిన ప్రతిసారీ శ్రామికుడు ఏదో ఒకదానికి చిక్కే అవకాశం ఉంది. దొరకు అవసరమైనప్పుడు కదిలితే ఏ చట్టమూ అడ్డు రాదు. కదలిక నేరం కాదు. కదలిక మీద అధికారం ఎవరిదన్నదే చట్టం పట్టించుకొన్న విషయం.

1851లో బంగారం బయటపడిన తరువాత విక్టోరియా జనాభా పదేళ్ళలో సుమారు 77,000 నుండి 5,40,000కు పెరిగింది. దొరల కొలువు విడిచి గనుల వైపు పరుగెత్తిన మనుషులను చూసి అక్కడి ప్రభుత్వం 1852లో తన దిమ్మరి చట్టాన్ని తెచ్చింది. చైనీయులపై 1855లో తలకు 10 పౌండ్ల రేవు పన్ను విధించినప్పుడు వారు పొరుగు వలస దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కడి నుండి విక్టోరియా గనులకు వందల కిలోమీటర్లు వరుసలు కట్టి నడిచారు. 1857లో ఆ దారిన నడిచినవారు వేలల్లో ఉన్నారు. 19వ శతాబ్దపు ఆస్ట్రేలియాలో అంత క్రమశిక్షణతో సాగిన సామూహిక పాదయాత్ర మరొకటి కనిపించడం అరుదు. అయినా జాతీయ గాథలో స్వాగ్‌మన్‌కు దక్కిన చోటు వారికి దక్కలేదు.

సమ్మె, పాట

కత్తిరింపు పనివారు 1886లో బాలరాట్ కేంద్రంగా సంఘం కట్టుకొన్నారు. ఒక చోట నిలవని మనుషులు సంఘం కట్టడం సాధ్యం కాదన్న వాదానికి ఇది జవాబు. వారి బాటలే వారి సమాచార వ్యవస్థ. ఏ షెడ్డులో కూలి ఎంత, ఏ దొర మాట తప్పాడు అన్న కబురు బిల్లీ కాగే మంటల దగ్గర చేతులు మారేది. 1891లో క్వీన్స్‌లాండ్ పశుపోషకులు సంఘంతో నిమిత్తం లేకుండా ఎవరినైనా పనిలో పెట్టుకొనే హక్కు తమదని పట్టుపట్టినప్పుడు సమ్మె మొదలైంది. బార్కల్డిన్ వంటి చోట్ల వందల మంది శిబిరాలు వేశారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. సమ్మె నాయకులకు కుట్ర నేరం కింద మూడేళ్ళ కఠిన శిక్ష పడి, వారిని సెయింట్ హెలెనా ద్వీపపు జైలుకు పంపారు. 1893లో బ్యాంకులు మూతపడ్డాయి. 1895లో మొదలై శతాబ్దం దాటిన కరవులో గొర్రెల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. ఈ దశాబ్దంలో బాట మీద ఉన్నవారిలో పని వెంట నడిచేవారెవరో, పని లేక నడిచేవారెవరో చెప్పడం కష్టం.

హెన్రీ లాసన్ అనే యువ రచయిత 1892లో న్యూ సౌత్ వేల్స్ వాయవ్య భాగంలోని బూర్క్ పట్టణం చేరి, అక్కడి నుండి హంగర్‌ఫోర్డ్ వరకు మూట మోసుకొని కాలినడకన వెళ్ళి వచ్చాడు. ఆ ఎండ, ఈగలు, అవమానం అతని కథల్లో నిలిచిపోయాయి. అతని గద్యంలో బాట అందంగా ఉండదు. 1895లో బాంజో పాటర్సన్ క్వీన్స్‌లాండ్‌లోని డాగ్‌వర్త్ స్టేషనులో ఉండగా రాసిన 'వాల్ట్‌జింగ్ మటిల్డా' దారి వేరు. ఒక స్వాగ్‌మన్ దొర గొర్రెను పట్టుకోవడం, దొర పోలీసులతో రావడం, అతడు నీటిలో దూకి చావడం ఆ పాట ఇతివృత్తం. ముందరి ఏడాది సమ్మె కాలంలో అదే స్టేషను కత్తిరింపు షెడ్డు తగలబడింది, సమీపంలో ఒక సమ్మె కార్మికుడు శవమై కనిపించాడు. పాటలో సమ్మె లేదు, నిప్పు లేదు. హుషారైన బాణీ ఉంది. 1903 నాటికి ఒక టీ వ్యాపార సంస్థ తన సరుకు ప్రకటనకు ఆ పాటను మార్చి వాడుకొంది. బతికి ఉన్నప్పుడు పావు పౌను టీ కోసం నిలబడిన మనిషి చచ్చాక టీ అమ్మి పెట్టాడు.

రసెల్ వార్డ్ 1958లో ప్రచురించిన 'ది ఆస్ట్రేలియన్ లెజెండ్' గ్రంథం ఈ సంచార శ్రామికుల నుండే ఆస్ట్రేలియా జాతీయ స్వభావం రూపొందిందని ప్రతిపాదించింది. పాలకుల చరిత్ర నుండి పనివారి చరిత్రకు దృష్టి మళ్ళించిన గ్రంథంగా దాని విలువ తక్కువ కాదు. కానీ అది ప్రధానంగా ఆధారపడినది పాటల మీద. పాట మిగిలేది సహచరులు ఉన్నవాడికి. షెడ్డులో పదిమంది మధ్య పనిచేసిన బలమైన యువకుడు పాటల్లో మిగిలాడు; ఒంటరి ముసలివాడు, స్త్రీ, చైనీయుడు, ఆదివాసి మిగలలేదు. మారిలిన్ లేక్ వంటి స్త్రీవాద చరిత్రకారులు 1980ల నుండి ఈ గాథలోని పురుషాహంకారాన్ని ఎత్తి చూపారు. కాథరిన్ కోల్‌బోర్న్ వంటివారు ఇటీవల పాటలను విడిచి పోలీసు, జైలు, ఆసుపత్రి కాగితాల వైపు మళ్ళారు. ఈ మళ్ళింపు అవసరమైనదే.

రిజిస్టరులో మనిషి

వలస ఆస్ట్రేలియాలో ఇంగ్లండు తరహా పేదల చట్టం లేదు. ఇంగ్లండులో దిమ్మరిని అతని సొంత పారిష్‌కు తరలించేవారు. అక్కడ అన్నం పెట్టవలసిన బాధ్యత ఎవరిదో చట్టం చెప్పేది. వలసలో ఎవరికీ సొంత పారిష్ లేదు. సిడ్నీ బెనెవొలెంట్ సొసైటీ వంటి దాతృత్వ సంస్థలు నగరంలో కొందరిని ఆదుకొన్నా, మారుమూల పట్టణాల్లో పేదవాడికి దొరికే ప్రభుత్వ ఆశ్రయం పోలీసు ఠాణా కొట్టు ఒక్కటే. జబ్బుపడిన వృద్ధుడికి చలికాలం గడిచేదాకా అన్నమూ వైద్యమూ దొరకాలని న్యాయాధికారులే దిమ్మరి నేరం కింద కొన్ని నెలల శిక్ష వేసిన సందర్భాలు ఉన్నాయి. దయను శిక్ష రూపంలో తప్ప ఇవ్వలేని వ్యవస్థ అది. దాని ఫలితం రికార్డులో మరోలా కనిపిస్తుంది: నాలుగు చలికాలాలు ఆశ్రయం పొందినవాడు కాగితం మీద నాలుగు శిక్షలు పడిన పాత నేరస్థుడు.

స్త్రీల విషయంలో చట్టం ఇంకా ఇరుకైనది. పురుషుడు బాట మీద ఉంటే పని వెతుకుతున్నాడేమోనన్న ఒక సందేహమైనా న్యాయాధికారికి కలిగేది. ఒంటరి స్త్రీ కనిపిస్తే శీలం మీద అనుమానమే ముందు వచ్చేది. స్త్రీలకు కూడా పని కోసం దూరాలు నడవక తప్పదని తొలుత గుర్తించినవారిలో కారొలిన్ చిజోమ్ ఒకరు. 1841లో సిడ్నీలో వలస స్త్రీల కోసం ఆశ్రమం తెరచి, పని దొరకని యువతులను తానే బృందాలుగా లోపలి ప్రాంతాలకు తీసుకువెళ్ళి కొలువులో చేర్చింది. ఆమె కృషి నిజంగా గొప్పది. కాని అందులో కూడా స్త్రీ సంచారం గౌరవప్రదం కావడానికి ఒక దొరసాని వెంట ఉండవలసి వచ్చిందన్నది మరువరాదు.

న్యూ సౌత్ వేల్స్ జైళ్ళు 1870ల నుండి ఖైదీల ఛాయాచిత్రాలతో రిజిస్టర్లు నిర్వహించాయి. పుట్టిన ఊరు, ఎత్తు, కళ్ళ రంగు, మతం, పచ్చబొట్లు, చదువు, వచ్చిన ఓడ పేరు, వచ్చిన సంవత్సరం. ఓడ పేరు అడిగే ఆ గడి ఆలోచించదగ్గది. అధికారి కూడా ఏదో ఓడలోనో, ఓడలో వచ్చినవారి కడుపునో వచ్చినవాడే. కానీ గడి ఉన్నది ఖైదీ పుటలో. వృత్తి అన్న గడిలో కూలీ, వంటవాడు, కత్తిరింపు పనివాడు అన్న మాటలు ఉంటాయి. నేరం అన్న గడిలో జీవనాధారం లేదని ఉంటుంది. ఒకే పుటలో ఈ రెండు మాటలు ఎదురెదురుగా ఉండడం రాసిన గుమాస్తాకు వింతగా తోచలేదు.

వృద్ధాప్య పింఛను వచ్చినప్పుడు ఈ కథ కొంత మారింది. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాల తరువాత ఆస్ట్రేలియా సమాఖ్య 1908లో దేశవ్యాప్త పింఛను చట్టం చేసింది. చలికాలం కోసం జైలుకు పోనక్కరలేని మొదటి తరం వృద్ధ శ్రామికులు వీరు. అయితే 25 ఏళ్ళ నివాసం, సత్ప్రవర్తన షరతులు. ఎక్కడా నిలవని మనిషి నివాసాన్ని ఏ కాగితంతో నిరూపిస్తాడు? నిలువ నీడ లేదన్న నేరానికి పడిన శిక్షలు ఎదురుగా ఉండగా సత్ప్రవర్తనకు సాక్ష్యం ఎవరిస్తారు? ఆ చట్టం ఆస్ట్రేలియాలో పుట్టని ఆసియావాసులనూ, ఆదివాసులనూ పూర్తిగా మినహాయించింది. దశాబ్దాల పాటు బండ్లపై, మూటలపై బట్టలూ సూదులూ మోసి స్టేషన్లకు అమ్మిన భారతీయ చిల్లర వర్తకులు ఈ మినహాయింపు కిందికే వచ్చారు. 1901 వలస నియంత్రణ చట్టం తరువాత స్వదేశం వెళ్ళి తిరిగి రావాలంటే వారికి శ్రుతలేఖన పరీక్ష నుండి మినహాయింపు పత్రం అవసరమైంది. దాని మీద ఛాయాచిత్రం, అరచేతి ముద్ర ఉండేవి. జైలు రిజిస్టరు పుటకూ ఆ పత్రానికీ రూపంలో పెద్ద తేడా లేదు.

మద్రాసు రేవు వైపు

ఈ చరిత్రకు తెలుగు నేలతో ఉన్న సంబంధం గుర్రాల ద్వారా మొదలవుతుంది. న్యూ సౌత్ వేల్స్ పేరు మీదనే 'వేలర్లు' అని పిలిచే గుర్రాలు 19వ శతాబ్దంలో సైన్యం కోసం మద్రాసు, కలకత్తా రేవులకు ఓడల్లో వచ్చేవి. గుర్రాలతో వాటిని చూసుకొనే పనివారూ దిగేవారు. గుర్రం అమ్ముడయ్యాక వారి పని తీరిపోయినట్లే. తిరుగు ప్రయాణానికి డబ్బులేక వీధుల్లో తిరిగే తెల్లవాడు పాలకజాతి ప్రతిష్ఠకు మచ్చ అని ప్రభుత్వం భావించింది. 1869లోనూ, దాన్ని సవరించి 1874లోనూ చేసిన ఐరోపా దిమ్మరి చట్టాల నేపథ్యంలో ఈ గుర్రపు పనివారు, పని పోయిన సైనికులు, రైల్వే ఉద్యోగులు, నావికులు ఉన్నారు. ఈ చట్టం యూరపు సంతతివారికి మాత్రమే వర్తిస్తుంది. పట్టుబడినవాడిని ప్రభుత్వ పని గృహంలో ఉంచి, తిరిగి రానన్న ఒప్పందం మీద ప్రభుత్వ ఖర్చుతో ఓడ ఎక్కించవచ్చు. ఆస్ట్రేలియాలో పని దొరకని స్వాగ్‌మన్‌కు జైలు. అదే మనిషి మద్రాసులో దిమ్మరి అయితే ఓడ టిక్కెట్టు. వలస రాజ్యంలో శిక్షను నిర్ణయించేది నేరం కంటె నేలే.

అదే కాలంలో అదే మద్రాసు రాష్ట్రంలో తిరిగే ఎరుకల వారికి పట్టిన గతి దీనికి మరో వైపు. గాడిదల మీద, ఎడ్ల మీద తీరం నుండి ఉప్పును లోపలి ఊళ్ళకు మోసి ధాన్యానికి మారకం వేసి బతికిన జనం వారు. ప్రభుత్వ ఉప్పు గుత్తాధిపత్యం, రైలు మార్గాలు ఆ వర్తకాన్ని దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ పరిశోధన చూపింది. సరుకు పోయాక మిగిలింది సంచారం మాత్రమే. ప్రభుత్వానికి కనిపించిందీ అదే. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేర జాతుల చట్టం 1911లో మద్రాసుకు విస్తరించింది. కావలిలో, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను మిషనరీ సంస్థల పర్యవేక్షణలో నిలిపారు. హాజరు పట్టీలో పేరు పిలిచినప్పుడు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. స్టువర్టుపురం నుండి కొందరు చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలయ్యారు. ఉప్పు మోసిన దారులు తెలిసిన మనుషులను ఒక చోట కట్టివేసి కర్మాగారానికి అందుబాటులో ఉంచడంలో, 1835 నాటి సిడ్నీ శాసనకర్తలకు అర్థం కానిదేమీ లేదు.

ఆ ఆవాసాలకు ప్రభుత్వం వాడిన ఆంగ్ల పదం 'సెటిల్‌మెంట్'. సిడ్నీ తీరాన ఖైదీల ఓడలు దిగిన చోటుకూ మొదటి కాగితాల్లో అదే పేరు. ఆస్ట్రేలియాలో ఆ పదం క్రమంగా దొరల వంశవృక్షాల్లోకి, నగర స్థాపనోత్సవాల్లోకి ఎక్కింది. కోస్తా తెలుగులో మాత్రం చాలాకాలం అది ఒకే అర్థంలో వినిపించింది. 'సెటిల్‌మెంటు వాళ్ళు' అంటే పోలీసు హాజరు ఉన్నవాళ్ళు.